మీకు తెలుసా? బాలింతకు అలర్జీ గోలీ, బిడ్డకు అమ్మపాలు

తుమ్ములకు గోలీ వేసుకున్నంత మాత్రాన బిడ్డకు పాలు మాన్పించాల్సిన పని సాధారణంగా ఉండదు. ముంబయిలో వర్లి బీడీడీ చాళ్లలోనైనా, కామాఠీపురా గల్లీల్లోనైనా, మన తెలుగు ఇళ్లలో బాలింతకు ముక్కు కారితే రెండే సలహాలు వినిపిస్తాయి. గోలీ జోలికి పోకుండా ఓర్చుకోమంటారు. లేదంటే గోలీ వేసుకుని నాలుగు రోజులు డబ్బాపాలు పట్టమంటారు. మొదటిది తల్లికి శిక్ష, రెండోది బిడ్డకు నష్టం. మూడో దారి ఉంది: తగిన గోలీ వేసుకుని, పాలు ఎప్పటిలాగే ఇవ్వడం.

మీకు తెలుసా? తల్లి మింగిన మందు ఉన్నపళంగా పాలలోకి దిగిపోదు. ముందు కడుపులోంచి రక్తంలోకి వెళ్లాలి, రక్తంలోంచి పాలు తయారయ్యే కణాలను దాటాలి, ఆ తర్వాతే పాలలో కలవాలి. ప్రతి చోటా కొంత ఆగిపోతుంది. చివరికి బిడ్డకు చేరేది ఎంతో తేల్చడానికి వైద్యులకు ఒక లెక్క ఉంది. తల్లి ఒంటి బరువులో కిలోకు ఎంత మందు పడింది, బిడ్డ బరువులో కిలోకు పాల ద్వారా ఎంత చేరింది అని పోల్చి చూస్తారు. అది నూటికి 10 లోపు ఉంటే చాలా మందులను పాలిచ్చే తల్లి వాడుకోదగినవిగానే చూస్తారు. అలర్జీ మందు లోరాటడిన్‌లో ఆ లెక్క నూటికి ఒకటి దగ్గర్లో ఉంటుంది. సెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ కూడా 10కి చాలా దిగువనే ఉంటాయి. అందుకే పాలిచ్చే తల్లికి తుమ్ములు, ముక్కు కారడం, దద్దుర్లు ఉంటే డాక్టర్లు ముందుగా లోరాటడిన్ గానీ సెట్రిజిన్ గానీ రాస్తారు. పెద్దవాళ్లకు మామూలు మోతాదు రోజుకు 10 మిల్లీగ్రాముల గోలీ ఒకటి. తగ్గలేదని మన అంతట మనం రెండు, మూడు వేసుకోకూడదు. మోతాదు పెరిగితే పాలలో మందూ పెరుగుతుంది.

తల్లి అలర్జీ పాల ద్వారా బిడ్డకు అంటుకుంటుందా అని అడిగేవాళ్లున్నారు. అంటుకోదు. బిడ్డకు అలర్జీ గుణం తల్లిదండ్రుల వంశం నుంచి రావచ్చు గానీ ఆ పూట తాగిన పాలలోంచి రాదు.

అసలు జాగ్రత్త పడాల్సింది పాతకాలపు అలర్జీ మందులతో. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, ప్రోమెథజిన్, హైడ్రాక్సిజిన్ ఈ కోవలోవి. మన వీధుల్లో దురద మొదలైతే చాలు ‘అవిల్ ఇవ్వు’ అంటారే, ఆ అవిల్ ఫెనిరమినే. ఇవి మెదడులోకి తేలిగ్గా చొరబడతాయి కాబట్టి మగత తెస్తాయి. తల్లికి వచ్చిన మగతలో కొంత బిడ్డకూ రావచ్చు. 1982లో ఒక వైద్య పత్రికలో వచ్చిన ఉదంతాన్ని డాక్టర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. క్లెమాస్టిన్ అనే పాత రకం అలర్జీ మందు వాడుతున్న ఒక తల్లి పాలు తాగిన పది వారాల బిడ్డ మగతగా పడి ఉండటం, చిరాకు పడటం, పాలు వద్దనడం, కీచుగొంతుతో ఏడవడం మొదలుపెట్టింది. ఆ తల్లి మూర్ఛకు వేరే మందులు కూడా వాడుతోంది కాబట్టి తప్పంతా ఆ ఒక్క మందుదేనని తేల్చలేం. అయినా గుర్తులు గుర్తుపెట్టుకోదగ్గవే. మామూలుగా లేచే వేళకు బిడ్డ లేవకపోయినా, లేపినా రొమ్ము అందుకోకపోయినా, తడి బట్టలు తగ్గినా గోలీ ఆపి అదే రోజు డాక్టరుకు చూపించాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో, రెండు నెలల లోపు పసికందుల విషయంలో ఈ కాపలా మరింత గట్టిగా ఉండాలి. మందును శరీరంలోంచి బయటికి పంపే కాలేయానికి, మూత్రపిండాలకు వాళ్లలో ఇంకా పూర్తి సత్తువ రాదు.

మీకు తెలుసా? ‘సర్ది గోలీ’ అని మనం అడిగి తెచ్చుకునేది చాలాసార్లు ఒక్క మందు కాదు. ఒకే గోలీలో జ్వరానికి పారాసిటమాల్, తుమ్ములకు క్లోర్‌ఫెనిరమిన్, ముక్కు దిబ్బడకు ఫినైలెఫ్రిన్, కొన్నిట్లో కెఫీన్ కూడా ఉంటాయి. తుమ్ములు తప్ప ఇంకేమీ లేని తల్లి అక్కర్లేని రెండు మూడు మందులు మింగుతుంది. అందులో ఒకటి పెద్దగా పని చేయదని కూడా తేలిపోయింది. నోటి ద్వారా వేసుకునే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడను తగ్గించడం లేదని 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది.

ముక్కు దిబ్బడకు ఇచ్చే మరో మందు సూడోఎఫెడ్రిన్. ఇది పని చేస్తుంది, కాకపోతే పాలిచ్చే తల్లికి దీనితో వేరే చిక్కు ఉంది. 2003లో ఆస్ట్రేలియా పరిశోధకులు 8 మంది పాలిచ్చే తల్లులకు 60 మిల్లీగ్రాముల గోలీ ఒక్కటే ఇచ్చి చూశారు. ఆ రోజు పాలు సగటున నూటికి 24 వంతులు తగ్గాయి. ఒక్క గోలీకి! తల్లులు ఎనిమిది మందే అయినా ఫలితం ఎంత స్పష్టంగా ఉందంటే, పాలు అంతంతమాత్రంగా ఉన్న తల్లులను, ఇంకా పాలు సరిగా పడని మొదటి వారాల బాలింతలను ఈ మందుకు దూరంగా ఉంచమని అప్పటి నుంచీ చెబుతున్నారు. ‘గోలీ వేసుకుంటే పాలు ఎండిపోతాయి’ అని మన అత్తమ్మలు అనే మాట అన్ని గోలీలకూ వర్తించదు. ఈ గోలీ విషయంలో మాత్రం వాళ్ల భయంలో నిజముంది. అలర్జీ మందు పేరు చివర ‘డి’ అనో, ‘ప్లస్’ అనో ఉంటే పట్టీ వెనుక ఏయే మందులున్నాయో చదివించుకోండి. సెట్రిజిన్ లాంటి మందు కూడా సూడోఎఫెడ్రిన్‌తో కలిస్తే పాలు తగ్గించగలదు.

అందుకే మెడికల్ షాపులో ‘సర్ది గోలీ’ అని కాక మందు పేరుతో అడగడం మేలు. దాంతోపాటు మరాఠీలో ‘బాళాలా దూధ్ పాజతే’ అనో, హిందీలో ‘బచ్చే కో దూధ్ పిలాతీ హూఁ’ అనో ఒక్క ముక్క కలపండి. మందులు తేవడానికి ఇంట్లో మగవాళ్లనో పిల్లలనో పంపేటప్పుడు ఈ మాట తరచూ మరుగున పడిపోతుంది. చీటీ మీద రాసివ్వండి. బస్తీ క్లినిక్‌లో దద్దుర్లకు సూది వేయించుకునే ముందు కూడా ఈ మాటే ముందు చెప్పాలి. పైసా ఖర్చు లేకుండా డాక్టరును అడగాలనుకుంటే ముంబయి మునిసిపాలిటీ వారి ‘ఆపలా దవాఖానా’లు ఉండనే ఉన్నాయి.

దగ్గు మందు సంగతి వేరు. కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌ను పాలిచ్చే తల్లి తాగకూడదు. అది తల్లి ఒంట్లో మార్ఫిన్‌గా మారుతుంది. కొందరి శరీరాల్లో ఆ మార్పు మరీ వేగంగా, మరీ ఎక్కువగా జరుగుతుంది. పాల ద్వారా అది బిడ్డ ఊపిరిని మందగింపజేయవచ్చు.

ఇప్పుడు చెప్పబోయేది ముంబయి చాళ్లలో ఉండేవాళ్లు మరింత శ్రద్ధగా చదవాల్సిన సంగతి. బీడీడీ చాళ్లను 1920లలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టింది. వర్లిలోనే 121 భవనాలు. ఒక్కో గది 160 చదరపు అడుగులు. అందులోనే వంట, చదువు, పడక. అలాంటి గదిలో బాలింత, పసిబిడ్డ, భర్త, పెద్ద పిల్లలు ఒకరి పక్కన ఒకరు పడుకుంటారు. ఆ తల్లి మగత తెచ్చే గోలీ వేసుకుంటే, బిడ్డ కడుపులోకి వెళ్లే చుక్క మందు కన్నా తల్లి గాఢనిద్రే పెద్ద ప్రమాదం. మామూలు నిద్రలో పక్కనున్న బిడ్డ కదిలితే తల్లికి మెలకువ వస్తుంది. మందు మత్తులో ఆ మెలకువ రాకపోవచ్చు. దుప్పటి బిడ్డ ముఖం మీదికి జరిగినా, చెయ్యి మీద పడినా తెలియకపోవచ్చు. మగత తెచ్చే మందు వేసుకున్న రాత్రి బిడ్డతో ఒకే పరుపు మీద పడుకోవద్దని శిశు వైద్యులు గట్టిగా చెబుతారు. 160 చదరపు అడుగుల గదిలో వేరే మంచం ఎక్కడ వేస్తారు? నిజమే. గట్టిగా, చదునుగా ఉన్న చిన్న చాప పరుపు వేరుగా పరిచి, మీద దిండ్లు, మెత్తటి దుప్పట్లు లేకుండా, చేతికందేంత దూరంలో బిడ్డను వెల్లకిలా పడుకోబెడితే చాలు. ఆ రాత్రికి బిడ్డను పాలకు అందించి, తాగాక తిరిగి పడుకోబెట్టే పని అమ్మమ్మో నాన్నో చూసుకోవాలి. అన్నిటికన్నా మంచిది మగత తక్కువుండే మందు ఎంచుకోవడం. సెట్రిజిన్‌తో కూడా కొందరికి నిద్ర ముంచుకొస్తుంది. అలాంటివాళ్లకు లోరాటడిన్ గానీ ఫెక్సోఫెనడిన్ గానీ నప్పుతుంది.

ఇలాంటి చాళ్లలో, బట్టల మిల్లుల చుట్టూ, పసిబిడ్డలకు మత్తు ఎక్కించిన రోజులు ఒకప్పుడు ఉండేవి. మీకు తెలుసా? 1920ల మొదట్లో బొంబాయి మిల్లుల్లో పనిచేసే తల్లుల పరిస్థితిని పరిశీలించిన డాక్టర్ బార్న్స్ అనే వైద్యురాలు, ఆ తల్లుల బిడ్డల్లో నూటికి 98 మందికి నల్లమందు పెడుతున్నారని రాశారు. ‘బాల గోలీ’ పేరుతో దొరికే చిన్న మాత్ర అది. మిల్లు కూత పెట్టగానే తల్లి పనిలోకి వెళ్లాలి. ఆమె తిరిగొచ్చేదాకా బిడ్డ ఏడవకుండా పడి ఉండాలి. ఆ తల్లులను ఎవరూ తప్పు పట్టలేరు. ప్రసవించిన ఆడకూలీకి జీతంతో సెలవు ఇవ్వాలన్న చట్టం బొంబాయిలో వచ్చింది 1929లోనే. దేశంలో అదే మొదటిది. మిల్లు కార్మికుల కుటుంబాల కోసం పరేల్‌లో నౌరోజీ వాడియా ప్రసూతి ఆసుపత్రి మొదలైంది 1926లో. నిజాం రాజ్యం నుంచి రాళ్లు మోయడానికి, ఇళ్లు కట్టడానికి వచ్చి కామాఠీపురాకు తమ పేరిచ్చిన కామాటీలు, తర్వాత మగ్గం వదిలి మిల్లు సాంచాల దగ్గర నిలబడ్డ పద్మశాలీలు ఆ కూత కింద బతికినవాళ్లే. ఆ తరం ముత్తవ్వలకు సెలవూ లేదు, మంచి మందూ లేదు. వాళ్ల మునిమనవరాళ్లకు రెండూ ఉన్నాయి.

బాల గోలీ పోయింది గానీ బిడ్డకు మగత మందు పోసే అలవాటు పూర్తిగా పోలేదు. తల్లికి సర్ది చేసింది, బిడ్డకూ చేసేలా ఉంది అని ముందుజాగ్రత్తగా పసివాళ్లకు చుక్కల మందు పోస్తారు. అలాంటి చాలా చుక్కల మందుల్లో, సిరప్‌లలో ఉండేది క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ జోడీయే. ఈ జోడీని నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించాలని మన దేశ ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో ఆదేశించారు. పాల ద్వారా చేరే చుక్క కోసం అంత భయపడి, నేరుగా నోట్లో పది చుక్కలు పోయడం ఎంత తలకిందుల పని!

మీకు తెలుసా? ముక్కు అలర్జీకి గోలీ కన్నా ముక్కులో కొట్టుకునే స్ప్రే చాలామందికి బాగా పని చేస్తుంది, పాలలోకి చేరేదీ అతి తక్కువ. ఫ్లుటికాసోన్, మొమెటాసోన్, బుడెసొనైడ్ ఈ రకం స్టెరాయిడ్లు. ‘స్టెరాయిడ్’ అనే మాట వినగానే బెదిరిపోనక్కర్లేదు. మందు ముక్కు లోపలే పని చేస్తుంది, రక్తంలోకి వెళ్లేది నామమాత్రం. చిక్కల్లా ఓపికతోనే. కొట్టిన గంటకే గుణం కనిపించదు, పూర్తి ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. కొట్టే తీరు కూడా ముఖ్యం. ఎడమ ముక్కుకు కుడిచేత్తో, కుడి ముక్కుకు ఎడమచేత్తో పట్టుకుని, ముక్కు మధ్య గోడకు కాక బయటి వైపుకు గురిపెట్టాలి. అలా చేస్తే ముక్కులో రక్తం కారడం తగ్గుతుంది. ఉబ్బసం ఉన్న తల్లులు వాడే ఇన్‌హేలర్లకు కూడా ఇదే వర్తిస్తుంది. పాలిస్తున్నానని ఇన్‌హేలర్ ఆపేసి ఆయాసంతో ఆసుపత్రి పాలవడం కన్నా పెద్ద హాని ఏ ఇన్‌హేలరూ చేయదు. ముక్కు దిబ్బడ వెంటనే తెరిపించే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు వేరు. అవి మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే, మందు దిగిపోగానే దిబ్బడ రెట్టింపై తిరిగొస్తుంది.

మందు లేని మందు ఉప్పునీళ్లు. కాచి చల్లార్చిన అర లీటరు నీళ్లలో చిన్న చెంచాకు కాస్త తక్కువ ఉప్పు కలిపి ముక్కు కడుక్కుంటే దుమ్ము, జిగురు కొట్టుకుపోతాయి. కుళాయి నీళ్లు కాచకుండా వాడొద్దు.

ఈమధ్య అలర్జీకి లివోసెట్రిజిన్, మాంటెలుకాస్ట్ కలిపిన గోలీ తరచూ రాస్తున్నారు. పాల లెక్కలో మాంటెలుకాస్ట్‌కు వంక పెట్టేదేమీ లేదు. కానీ ఆ మందు కొందరిలో దిగులు, నిద్రలేమి, చెడ్డ ఆలోచనలు తెస్తోందని 2020 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తన అత్యంత కఠినమైన హెచ్చరికను దానికి జోడించింది. మామూలు ముక్కు అలర్జీకి వేరే మందులు పని చేయనప్పుడే దీన్ని వాడమంది. ప్రసవం తర్వాత దిగులుతో కుంగిపోయే తల్లులు మన మధ్య ఎంతోమంది ఉన్నారు. వట్టి తుమ్ములకు ఈ జోడీతో మొదలుపెట్టొద్దని, అంతకుముందు దిగులు జబ్బు ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలని నా గట్టి నమ్మకం.

గోలీ ఎప్పుడు వేసుకోవాలి? చాలా అలర్జీ గోలీలు మింగిన ఒకటి రెండు గంటలకు రక్తంలో ఎక్కువగా ఉంటాయి. బిడ్డ ఎక్కువసేపు నిద్రపోయే వేళకు ముందు పాలిచ్చి, వెంటనే గోలీ వేసుకుంటే సరి. వీలుకాకపోతే మాత్రం గడియారం చూసుకుంటూ ఆందోళన పడక్కర్లేదు. లోరాటడిన్, సెట్రిజిన్‌లకు పాలు పిండి పారబోయాల్సిన పని లేదు. ఆ పాలు ఎంత విలువైనవంటే, ఆసియాలోనే మొదటి తల్లిపాల బ్యాంకును డాక్టర్ ఆర్మిడా ఫెర్నాండెజ్ 1989లో తెరిచింది మన సయన్ ఆసుపత్రిలోనే. నెలలు నిండని బిడ్డలకు అక్కడ ఇతర తల్లుల పాలే ప్రాణం పోశాయి. అలా పాలు దానం చేసేవాళ్లు తాము వేసుకునే ప్రతి మందునూ అక్కడ ముందే చెప్పాలి. అది చాలా బలహీనమైన పసికందులకు వెళ్లే పాలు కాబట్టి అక్కడి నియమాలు ఇంటికన్నా కఠినం.

మందుతో పాటు మూలాన్ని కూడా చూడాలి. వానాకాలంలో పాత చాళ్ల గోడలకు పట్టే బూజు, చెమ్మ పరుపుల్లో పెరిగే కంటికి కనపడని పురుగులు, బొద్దింకల పొట్టు అలర్జీకి పెద్ద కారణాలు. వర్లి చాళ్ల స్థానంలో కొత్త టవర్లు లేస్తున్నాయి. 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళాలు అందాయి. ఇంకా ఇళ్లు అందనివాళ్లలో కొందరు కూల్చివేతల దుమ్ము పక్కనే కాపురం చేస్తున్నారు. దుమ్ము ఎక్కువున్న వేళ కిటికీకి తడిబట్ట కట్టి, ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడిస్తే బాలింతకు కొంత ఊరట. ఇక సాంబ్రాణి. బిడ్డకు తలంటాక ధూపం పట్టడం మన ఇళ్లలో ముచ్చటైన ఆచారం. కానీ గాలి ఆడని చిన్న గదిలో ఆ పొగ అలర్జీ ఉన్న తల్లికీ, పసి ఊపిరితిత్తులకూ చేటే. బిడ్డ జుట్టును మెత్తటి బట్టతో తుడిచి ఆరబెట్టి, సాంబ్రాణిని గడప అవతల వెలిగించుకోవచ్చు. బీడీలు చుట్టే ఇళ్లలో, షోలాపూర్, భివండి, సిరిసిల్లలోనైనా సరే, పొగాకు చాటను బాలింత గదిలోంచి తీసేయాలి. ఆ ధూళి తుమ్ములు తెప్పించడమే కాదు, పొగాకులోని నికోటిన్ తల్లి పాలలోకి చేరుతుంది.

పావురాల సంగతి కూడా ఉంది. పావురాలకు గింజలు వేయడంపై హైకోర్టు దాకా వెళ్లిన తగవు తర్వాత, 2025 ఆగస్టులో దాదర్ కబూతర్‌ఖానాను టార్పాలిన్‌తో కప్పేయడం అందరూ చూశారు. పావురాల రెట్ట, ఈకల ధూళి వల్ల కొందరికి ఊపిరితిత్తుల లోపలే వాపు వస్తుంది. పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం దాని గుర్తులు. దానికి సెట్రిజిన్ పని చేయదు. వారాల తరబడి అలాంటి దగ్గు ఉంటే గోలీలు మారుస్తూ కూర్చోకుండా ఛాతీ డాక్టరును కలవాలి.

‘వంకాయ తినకు, వేరుశెనగ ముట్టకు, బిడ్డకు అలర్జీ వస్తుంది’ అనే పథ్యానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. తల్లికే ఏదైనా పడకపోతే అది మానాలి. లేదంటే కడుపునిండా తినాలి. బిడ్డ విరేచనంలో రక్తం కనిపిస్తే మాత్రం అది డాక్టరు చూడాల్సిన సంగతి. అప్పుడు కూడా డాక్టరు చెప్పిన పదార్థాన్నే మానేయాలి, పాలివ్వడం కాదు.

చివరిగా ప్రాణం మీదికి వచ్చే అలర్జీ. ఏదైనా తిన్నాకో, కందిరీగ కుట్టాకో, సూది వేయించుకున్నాకో నిమిషాల్లో పెదవులు, నాలుక వాచి, గొంతు పట్టేసి, ఊపిరి ఆడక, కళ్లు తిరిగితే అది గోలీతో ఆగేది కాదు. 108కి ఫోన్ చేయాలి, లేదా దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. కేఈఎం, నాయర్ లాంటి పెద్దాసుపత్రుల క్యాజువాలిటీ రాత్రీపగలూ తెరిచే ఉంటుంది. అక్కడ తొడ కండరంలో ఇచ్చే అడ్రినలిన్ సూదిని పాలిచ్చే తల్లి కూడా వెనుకాడకుండా తీసుకోవాలి. ఆ మందు రక్తంలో కొద్ది నిమిషాలే ఉంటుంది. పాలలోకి ఏ కాస్త చేరినా బిడ్డ కడుపులో నిలవదు. తల్లి తేరుకుని, బిడ్డను ఎత్తుకోగల స్థితికి రాగానే పాలివ్వవచ్చు.